అక్క సందుగ, నా కడుపుమంట

"అవ్వా, గీ సందుగల బట్టలన్నీ నువ్వు నేసినయేనా?"

అగో. రాంగ రాంగనే గదే అడిగినవు.

నేను నేసినయా? ఒక్కటి గూడ లేదు బిడ్డా అండ్ల. ఒక్కటంటె ఒక్కటి లేదు. అవన్నీ మా అక్క సత్తెమ్మ దేశాలు తిరిగి జమచేసినయి. నీకు పెద్దవ్వ అయితది. నువ్వు పుట్టకముందే పోయింది, నీకెట్ల ఎరుక. గా ఫోను జర దూరం పెట్టు, నా మూతికి అంటుకున్నట్టున్నది. వినవస్తదా? ఆ, వస్తె మంచిదే.

మొన్న పట్నం నుంచి ఇద్దరొచ్చిండ్రు చూడు, ఒక అయ్య, ఒక అమ్మ. సందుగ తెరిపిచ్చి, చాపలు పరిచి, ఒక్కొక్క బట్ట తీసి ఫోటోలు గుంజిండ్రు. "ఎంత కండ్లున్న మనిషి, సదువు లేకున్నా గింత గొప్పగ ఏరుకొచ్చింది" అని ఒకటే మెచ్చుకునుడు. నేను పక్కకే కూసున్న. ఇంతల ఆ అమ్మ ఏమన్నదో ఎరుకేనా? "జర అటు జరుగవ్వా, బట్ట మీద నీ నీడ పడుతున్నది" అన్నది. జరిగిన. జరుగక ఏం చేస్త? నా ఇంట్ల, నా చాప మీద నేనే జరిగిన. చచ్చి ఇన్నేండ్లయినా మా అక్క ముంగట నేను జరుగుడే ఉన్నది.

నవ్వకు. కడుపుమంట అంటవా? అను. నేను గూడ అదే అంట. దాచుకునే వయసా ఇది?

మా బాపుకు మేమిద్దరం ఆడపిల్లలమే. మా అమ్మ నాకు మూడో నాలుగో ఏడు ఉన్నప్పుడే పోయింది, మొఖం గూడ యాదికి లేదు. బాపు అంటె చుట్టుముట్టు ఊళ్ళల్ల పేరున్న నేతగాడు. నూనె రుమాళ్ళు నేసేటోడు. నూలును నూనెల, ఆముదం బూడిద నీళ్ళల్ల దినాల కొద్ది నానేసి పిసుకుతుండె. ఇల్లంత ఒకటే వాసన. ఒంటికి పట్టిందంటె పోదు ఆ వాసన. పెండ్లిల్లకు పోతె "మగ్గపోళ్ళు వచ్చిండ్రు" అని చూడకముందే చెప్పేటోళ్ళు. ఎరుపు, నలుపు, తెలుపు, గవే మూడు రంగులు. మా రుమాళ్ళు బొంబాయిల ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోతుండె అంటరు. బట్టలు పోయినయి గనీ మా ఇంట్లకెల్లి మనిషి పోతదని ఎవరనుకున్నరు?

ఇంట్ల ఆడోళ్ళ పని చిటికి కట్టుడు. అదే, నేసేకంటె ముందే నూలుకు ముడులు కట్టి రంగుల ముంచుతరు గద. ముడి కింద రంగు పట్టదు, తెల్లగ ఉంటది. గా తెలుపుతోనే బొమ్మ లేస్తది. ముడి జర వదులైతె రంగు లోపలికి దూరి బొమ్మ ఖరాబైతది. మా అక్క ముడి వదులు. ఎంత గట్టిగ కట్టినా వదులే, చేతి వాటం అది. పదేండ్ల పిల్ల అప్పుడు. ఒకనాడు బాపు అది కట్టిన చిటికి విప్పి చూసిండు. రంగంత లోపలికి పోయి ఉన్నది. "నీ చెయ్యి వదులు బిడ్డా. లే, పొయ్యి కాడికి పో" అని ఆ జాగల నన్ను కూసోబెట్టిండు. నాకు ఏడేండ్లు. నాకు సంబరమైంది, అబద్ధమెందుకు చెప్పాలె. అక్క ఏడ్సిందో ఏమో నేను చూడలే.

అప్పటికెల్లి నేను చిటికి కట్టిన. ఎన్నేండ్లు కట్టిన్నో లెక్క లేదు, ఈ వేళ్ళు చూడు, గీ రెండు ఒంకరపోయినయి. బాపు నోట్ల ఒక మాట ఉండె. మంచి బట్ట చేతికి వస్తె, అట్ల మడత విప్పి, ఎండకు పట్టి, "చెయ్యి మంచిగుంది" అనేటోడు. గంతే. అంతకుమించి పొగడ్త లేదు ఆయనకాడ. ఎవరెవరికో అన్నడు. చండూరు అంగడిల ఎవరిదో చీర చూసి అన్నడు. నా బట్టను మాత్రం చూసి మడతపెట్టి పక్కకు పెట్టుడే. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు గద, నేను ఆయన పెరట్ల చెట్టును.

ఇగ అక్క సంగతి. పెండ్లయి యాడాది తిరుగకుంటనే బావ జరమొచ్చి పోయిండు. తిరిగొచ్చింది. పోలీస్ యాక్షన్ అయినంక రెండేండ్లో మూడేండ్లో. నల్లగొండ దవాఖానల ఒక డాక్టరమ్మ ఉండె, చిన్న పిల్లలున్నరు, ఆయా కావాలన్నది. అక్క పోయింది. అప్పుడు నల్లగొండకు బస్సు కిరాయి ఆరణాలు, అది గూడ పెద్ద కథే. ఆర్నెల్లకో ఏమో ఆ డాక్టరమ్మ పెనిమిటికి దర్యా అవతల, అరబ్బు దిక్కున్న ఏడెన్ పట్నంల కొలువైంది. పిల్లలు మా అక్కను ఇడిస్తె ఏడుస్తున్నరని దాన్ని గూడ తోలుకపోయిండ్రు. ఊరంత "ముండమోసిన పిల్లను ఓడ ఎక్కిస్తరా" అని బాపును ఆడిపోసుకున్నది. బాపు "చెయ్యి వదులైతె కాలు గట్టిగున్నది, పోనీ" అన్నడు.

పద్దెనిమిదేండ్లు తిరిగింది. ఏడెన్ల కొన్నేండ్లు, మొంబాసాల కొన్నేండ్లు, ఆఖరుకు సింగపూర్. రెండేండ్లకో మూడేండ్లకో ఒకపారి ఇంటికొచ్చేది. మొదటిపారి వచ్చిననాడు వాడంత మా వాకిట్లనే. బంగారం తెచ్చిందనుకున్నరు. సందుగ తెరిస్తె ఏమున్నది, ఒక నల్లటి శాలువ, అంచుకు వెండి జరి. ఒక గాజు పలక మీద రంగులేసిన గుర్రం. అంతే. "దేశం కాని దేశం పోయి పేలికలు తెచ్చిందమ్మా" అని నవ్వుకుంట పోయిండ్రు. నేను గూడ నవ్విన, లోపల్లోపల.

బాపు నవ్వలే. ఆ శాలువ ఎండకు పట్టి చూసిండు, తిరగేసి చూసిండు. "చెయ్యి మంచిగుంది" అన్నడు.

ఎవరో మొఖం తెల్వని అరబ్బుదానికి వచ్చింది ఆ మాట. పొద్దు పొడిచేకాడికెల్లి పొద్దు గూకేదాక ఆయన ముంగట కూసుని ముడులు కట్టేటిదానికి రాలే. నాకెట్లుంటది చెప్పు. మా అక్కకు పొగడ్త అందిందని నాకు మంట. ఆ బట్ట అది నేసిందా? కొనుక్కొచ్చింది. కండ్లుంటె, చేతిల రూపాయుంటె ఎవరైన కొంటరు. నేనైతె గట్లనే అనుకున్న.

అట్ల కాదట కొనుడు. అది గూడ చెప్పాలె, లేకపోతె పాపం తగులుతది. జీతంల అది వేరే ఏమీ కొనకపోయేది. చీర రెండే. దుకాన్ల కొననే కొనదు. ఎవరు చేసిండ్రో వాళ్ళ ఇంటికి పోవాలె, వాళ్ళ కాడ కూసోవాలె, వాళ్ళు పని చేస్తుంటె చూడాలె. భాష రాదు, ఏం రాదు. పిల్లలను చంకల ఎత్తుకొనే పోయేది. అప్పుడు కొనేది. ఒక్కొక్క బట్ట తీసి, "ఇది కుంటి ముసలామె నేసింది, నాకు ఖర్జూరాలు పెట్టింది, ఇది ముగ్గురు సవతులు ఒక్క కాడ కూసుని మైనం పెట్టి రంగులేసిండ్రు" అని చెప్పుకపోయేది. బాపు నోరు తెరుసుకొని వింటుండె. పొద్దంత నేను చేసిన ముచ్చట ఆయన ఏనాడన్న గట్ల విన్నడా? ప్రపంచంల ఉన్న ఆడోళ్ళందరు మా ఇంటికొచ్చి కూసున్నట్టుండేది. నాకే జాగ లేకుండె.

పెట్టుకునే తావు లేదని వచ్చినప్పుడల్లా సందుగ మా ఇంట్లనే ఇడిసిపోయేది. మరి కాపలా ఎవరు? నేనే. ఆరబెట్టుడు, ఏపాకు వేసుడు, పురుగు పట్టకుండ చూసుడు, అన్నీ నేనే. మీ తాత మా ఇంటికి ఇల్లుటం అల్లుడై వచ్చిండు అప్పటికి, మగ్గం మీద ఆయన కూసునేటోడు. నన్ను చూసి ఆయన అనేటోడు, "వాటిని దులుపుతున్నవా, కొడుతున్నవా" అని.

ఇగ అసలు సంగతి. దీన్ని నేను మీ అమ్మకు గూడ చెప్పలే.

సాగర్ కట్ట కడుతున్న రోజులు. ఆ యేడు బాపు కొల్లాపూర్ల మా మేనత్త ఇంటికి లగ్గానికి పోయి, అక్కడ కాలు బెణికి నెలా రెండు నెలలు ఆడనే ఉండిపోయిండు. ఆయన లేనప్పుడే టపాల పార్సల్ వచ్చింది, సింగపూర్ నుంచి. విప్పితే ఒక బట్ట. అబ్బ. మన చిటికే బిడ్డా. అచ్చం మన చిటికి. సింగపూర్ అవతలి దీవుల ఆడోళ్ళు కడతరంట. వరుసగ కోడిపుంజులు, కొట్లాడనీకె రెక్కలు లేపినట్టు. ముదురు ఎరుపు మీద తెల్ల గీతల పుంజులు, ఒక్కొక్కదానికి గింతంత తెల్ల చుక్క కన్ను. మన కాడ చుక్కలు, గళ్ళు తప్ప గట్లాంటి బొమ్మ నేను కట్టినదాన్ని కాదు.

లోపట చీటి ఉండె, డాక్టరమ్మతోని రాయిచ్చింది. మీ తాత నాలుగో తరగతి దాక సదివిండు, చదివి చెప్పిండు. "చెల్లే, ఇది బాపుకు చూపియ్యి. పుంజులను మంచిగ చూడుమను" అని.

నేను చూపియ్యలే. దాచిపెట్టిన. వడ్ల గుమ్మి ఎనక, గోనె సంచిల. ఎందుకంటె నాకు ఎరుకే, బాపు దాన్ని చూస్తె ఏమంటడో. ఆ మాట ఇంకోపారి ఇనబుద్ది కాలే నాకు.

అంతటితోని ఆగితె బాగుండు. ఆగలే. మూడునాలుగు దినాలు దాన్ని తీసి తీసి చూసిన, పోగులు లెక్కపెట్టిన. ఏ పోగు కాడ ముడి, ఏ పోగు కాడ ఇడుపు, అంత చేతికొచ్చింది. మీ తాతతోని చెప్పిన, "బాపు వచ్చేలోపల మనం గిది నేద్దం" అని. ఆయన "దొంగ సొమ్ము గద" అన్నడు. "చూసి నేర్చుకుంటె దొంగతనమా?" అన్న. నూలు తీసిన, చిటికి కట్టిన. ఇంట్ల అన్నం మాడింది, మీ పెద్దమామ పసిపిల్లగాడు, ఏడ్సి ఏడ్సి పండుకునేటోడు. అట్ల కట్టిన. ఒక్క ముడి వదులు కాలే. మగ్గం దిగినంక రెండు పక్కపక్కకు పెట్టి చూస్తె మీ తాతే అన్నడు, ఏది ఏదో తెలుస్తలేదని.

బాపు వచ్చిండు. కాళ్ళు కడుక్కున్నడో లేదో నేను తీసుకపోయి ఒళ్ళె పెట్టిన. "బాపు, ఇది నా మనసుల పుట్టిన బొమ్మ" అన్న. ఎట్ల అన్ననో, నోరెట్ల వచ్చిందో.

ఆయన అద్దాలు పెట్టుకున్నడు. ఎండకు పట్టిండు. చాలాసేపు చూసిండు. ఇగ అంటడు, ఇగ అంటడు అని ఆయన మూతి దిక్కే చూస్తున్న. అప్పుడు ఏలు పెట్టి ఒక అంచు కాడ చూపిచ్చిండు. "ఈ పుంజుకు కన్నెందుకు లేదు?" అన్నడు.

లేదు బిడ్డా. ఆఖరి వరుసల, అంచుకున్న పుంజుకు కన్ను లేదు. దీవి దాని బట్టల గూడ లేదు. నేను చూసిన. చూసి ఏమనుకున్న, వాళ్ళ కాడ గుడ్డి పుంజు కథ ఏదన్న ఉందేమో అనుకున్న. అది గూడ బొమ్మలనే లెక్క అనుకొని ఆ ముడి నేను గూడ కట్టలే. అంత జాగ్రత్తగ ఇడిసిపెట్టిన.

నీకు చెప్పలే కదా, మా ఇంట్ల ఒక పద్ధతుండె. వేరే ఇండ్లల్ల ఉన్నదో లేదో నాకెరుక లేదు. ఏ రుమాలైనా ఎడమ దిక్కు మూల ఒక్క ముడి ఇడిసిపెడతం. ఆ తెల్ల గడిల ఎర్ర చుక్క పడుతది. దిష్టి చుక్క అంటం. అంత నిండుగ కుదిరిందని మనకు పొగరెక్కొద్దు, చూసినోళ్ళ కండ్లు పడొద్దు. చిన్నప్పుడు బాపు చేయి పట్టి మొదలు నేర్పింది అదే, ఎక్కడ కట్టాలె అని కాదు, ఎక్కడ కట్టొద్దు అని.

బాపు బట్ట తిప్పి ఎడమ మూల చూసిండు. అంచు గడి అంత తెల్లగున్నది. నిండుగున్నది. మన చుక్క పెట్టుడే మరిచిపోయిన నేను.

"ఇంకో ఇంటి ఆడామె దిష్టికని ఇడిసిన ముడి ఇది. దాన్ని గూడ ఎత్తుకొచ్చినవు. మరి మనది ఏది?" అన్నడు. గొంతు లేవలే. తిడితె బాగుండు. "అసలు బట్ట ఏడున్నది, తే" అన్నడు. గుమ్మి ఎనకకెల్లి తెచ్చిచ్చిన. చీటి గూడ ఇచ్చిన. మీ తాత మళ్ళ చదివిండు. బాపు ఆ పుంజులను చూసిండు, ఆ కన్ను లేనిదాన్ని ఏలుతోని నిమిరిండు. "చెయ్యి మంచిగుంది" అన్నడు. నా ముంగటనే. మళ్ళ నా బట్ట నా చేతికిచ్చి, "గింత చెయ్యి పెట్టుకొని దొంగతనమెందుకే నీకు?" అన్నడు.

గా మాటను నేను ఇన్నేండ్లకెల్లి తిప్పుకుంట తిప్పుకుంట ఉన్న. గింత చెయ్యి అన్నడు గద. అన్నడా లేదా? తిట్టిండా, మెచ్చుకున్నడా? నీకేమనిపిస్తది? ...నీకు గూడ తెల్వదు. ఆయనను అడిగే ధైర్యం నాకు లేకుండె. మళ్ళ బాపే నా బట్టను తీసుకపోయి మగ్గం మీద దుమ్ముకు కప్పిండు. ఎలుకలు కొరికేదాక దినాము నా కండ్ల ముంగటనే ఉండె.

అక్కకు ఎవ్వరం చెప్పలే, పుంజుల సంగతి బాపును అడిగే ధైర్యం దానికి గూడ లేకుండె. ఇగ అది వచ్చేటప్పటికి నేను ఒక రుమాలు కట్టి పెట్టిన. మన గళ్ళు, మన చుక్కలు, ఎడమ మూల దిష్టి చుక్క. మీ తాత నేసిండు. అక్కకిచ్చిన. నా ఆశ ఏందంటె, ఆ సందుగల పెడుతది, అరబ్బుదాని పక్కన, మైనం సవతుల పక్కన నాది గూడ ఉంటది, బాపు ఎప్పుడన్న సందుగ తెరిస్తె ఆ వరుసల నాది గూడ ఎండకు పట్టి చూస్తడు. గంతే. అక్క దాన్ని తీసుకొని నెత్తికి చుట్టుకున్నది. చుట్టుకొని బావికి పోయింది.

తర్వాతి పారి ఇంకోటిచ్చిన. భుజాన వేసుకున్నది. ఆ తర్వాత ఇంకోటి. ఎన్ని ఇచ్చినా సందుగల చేరలే. ఏపాకు వేసేది నేనే గద, ప్రతి మడతా చూసేదాన్ని. ఉండదు. బాపు పోయిండు. పోయేనాడు గూడ నా రుమాలు అండ్ల లేదు. ఇగ ఎవరు చూడాలె, ఉంటె ఎంత లేకపోతె ఎంత అనుకున్న గనీ, మంట పోలే.

తర్వాత రెండేండ్లకు డాక్టరమ్మ వాళ్ళు లండన్ పోతమంటె అక్క రానన్నది. ఇంటికొచ్చేసింది. వచ్చిన తెల్లారి సందుగ అంత ఇప్పి వాకిట్ల పరిచింది. చూస్తె నలభై దాక అయినయి. పుంజుల బట్ట చేతిలకు తీసుకొని, "ఇది బాపు చూసిండా?" అన్నది. ఇగ దాయలే. గుమ్మి ఎనక పెట్టింది, ఎత్తుకొని కట్టింది, కన్ను లేని పుంజు, అంత చెప్పిన. అది నన్నేమనలే. "చూసి ఏమన్నడు?" అన్నది. "చెయ్యి మంచిగుందన్నడు" అన్న. అక్క ఆ బట్టల మొఖం పెట్టుకొని ఏడ్సింది. "చెయ్యి నాది కాకపాయె. కండ్లన్న నాయే గద చెల్లే" అన్నది. గప్పుడు నాకు మొదటిపారి తెలిసింది, పొయ్యి కాడికి పో అన్ననాడు అదెంత ఏడ్సిందో.

అయినా నా నోరు ఊకోదు. "ప్రపంచంల ఆడోళ్ళందరి చెయ్యి నీ కంటికి ఆనింది. నా చెయ్యి ఆనలేదా? ఒక్కటన్న పెట్టినవా అండ్ల?" అని అడిగిన. అక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నీయి అండ్ల పెడితె నేనేం కప్పుకోవాలె?" అన్నది. లోపటికి పోయి ఒక మూట తెచ్చింది. అన్నీ నా రుమాళ్ళ పీలికలే. ఒక దాంట్ల డాక్టరమ్మకు తర్వాత పుట్టిన పిల్లలను ఎత్తుకున్నదట. ఇంకోటి ఓడల తలకింద. ఒకటి సగానికి చింపి, కుట్టి, పిల్లగానికి దుప్పటి చేసిందట. నూనె వాసన పోయేటంత కడుగనిచ్చేది కాదట. "ఆ వాసనొస్తెనే నాకు నిద్ర పట్టేది. పరాయి బట్ట చూడనీకె మంచిగుంటది చెల్లే, ఒంటి మీద నిలువదు" అన్నది. ఒక పీలిక నా చేతిల పెట్టింది. రంగంత పోయింది, గళ్ళు పోయినయి. ఎడమ మూల చుక్క ఒక్కటి ఇంత మసకగ ఉన్నది.

నేను ఏడ్సిన. ఎందుకేడ్వను? ఎవరికైనా అంతకుమించి ఏం కావాలె. నా చేతి బట్ట నా అక్క ఒంటి మీద అరిగిపోయింది, దర్యా దాటి తిరిగింది. సంబరమే. సంబరం లేదని నేనంటలే.

కానీ బిడ్డా, ఒక్కటి. అన్నిట్ల ఒక్కటి దాచిపెడితె ఏమైతుండె? పట్నమోళ్ళకు ఏం చూపియ్యాలె నేను? పీలికలు గూడ ఆఖరుకు దీపం వత్తులైనయి. ఇగ నా చేతులు వణుకుతున్నయి, కొత్తది కట్టుడు కాదు. అక్క పేరు అక్కకున్నది. నా చెయ్యి అక్క ఒంటికే తెలుసు, ఆ ఒళ్ళు గూడ కాలిపాయె.

సాలు, ఆపు గా ఫోను. ఇంకా నడుస్తున్నదా? నడవనీ. నీకు చల్లగుండాలె బిడ్డా, మంచిగ బతుకు. ఎవ్వర్ని చూసి నీ కండ్లు మండొద్దు. మండకుండ ఎట్లుంటయి గనీ, మనుషులం గద... మండితె మండనీ. మా అక్కసొంటి దాన్ని చూసి మండాలె.